మిరప కళ్లంలో డిటెక్టివ్ పుస్తకం

“పిల్లలకు దొంగతనం నేర్పుతున్నవా సారూ, చదువు నేర్పుతున్నవా?”

“దొంగను పట్టుకునుడు నేర్పుతున్న పెద్దమ్మా.”

“అది పోలీసోళ్ల పని. మా పిల్లకెందుకు? సరే, గట్లనే అనుకుందాం. మరి ఈ ఎనక కాయితాలు ఎందుకు కుట్టేసినవ్? పిల్లలు చూడరానిది ఏముంది వీటిల?”

“చూడరానిదేం లేదు. దొంగ పేరుంది.”

“దొంగ పేరు దాచిపెట్టేటోన్ని నిన్నే చూసిన.”

బడి వరండాలో నిలబడి నేను ఇలా అంటుంటే లోపల పిల్లలు చప్పుడు ఆపేసి వింటున్నారు. ఆయన మా ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు సారు. వయసులో నా కొడుకు కంటే చిన్నవాడు. నా చేతిలో ఉన్నది మనవరాలి సంచిలో దొరికిన పుస్తకం. చిన్న సైజుది, రైకల గుడ్డ మడత అంత ఉంటుంది. అసలు అట్ట పీకేసి సిమెంటు బస్తా కాగితంతో వేరే అట్ట వేశారు. చివరి పేజీలన్నీ ఒక్కటిగా పట్టి అంచుల వెంట తెల్లదారంతో కుట్టేశారు. ఆ కుట్టు కూడా సరైన కుట్టు కాదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాత చీరలతో బొంతలు కుట్టీ కుట్టీ అరిగిన వేళ్లు నావి. ముందు దారం దండగైందని ఒళ్లు మండింది. ఎందుకు కుట్టారన్న అనుమానం ఆ తర్వాత వచ్చింది.

ఇలాంటి పుస్తకాలు నేను ఎరగనివి కావు. కొత్తగూడెం బస్టాండులో తాడుకు వేలాడదీసి అమ్మేవాళ్లు. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న ఆడమనిషి, ఒంటి మీద నిండా గుడ్డ ఉండదు. కాబట్టి అట్ట పీకింది ఎందుకో, పేజీలు కుట్టింది ఎందుకో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదనుకున్నాను.

“అట్ట దాచినవ్, కాయితాలు దాచినవ్. ఇగ దాచకుండ చెప్పు,” అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

“కొత్తగూడెంల కిరాయి పుస్తకాల షాపు ఎత్తేసిండ్రు పెద్దమ్మా. ఇంటింటికి టీవీ వచ్చినంక కిరాయికి తెచ్చుకోని ఎవరు చదువుతరు? పిల్లలకు పనికొచ్చేటివి ఏరుకొచ్చిన. అట్టలు బాగలేవు, తీసేసిన. లోపల ప్రతి ఒక్క పేజీ నేను చదివినంకనే ఇచ్చిన.”

“మరి కుట్టు?”

“పిల్లలు ముందుగాల ఎనక పేజీ తిప్పి దొంగెవరో చూస్తండ్రు. ఇగ నడిమిట్లది ఎవరు చదువుతరు? అందుకని కుట్టిన. అంతా చదివి, దొంగెవరో, ఏ పేజీల దొరికిపోయిండో నా దగ్గరకొచ్చి చెప్పాలె. అప్పుడు దారం తెంపుత. పాఠం పుస్తకం తెరిస్తే ఆవులించేటోళ్లు, ఇప్పుడు బడి ఇడిచినా ట్రంకుపెట్టె కాడికెళ్లి కదలట్లే.”

మా బడికి లైబ్రరీ అంటే ఆ ట్రంకుపెట్టే.

“కదలనోళ్లకే ఇచ్చుకో. మా పిల్లకు మాత్రం వద్దు. దానికి ఏడుతోటి బడి బందు.”

అప్పుడు సారు మొహం మారింది. “ఎందుకు బందు?”

“చదువు రానిదానికి బడెందుకు?”

నేను ఊరికే అన్న మాట కాదు. పిల్లకు లెక్కలు వచ్చు, పని వచ్చు, ఒకసారి చూసిన మనిషిని మరిచిపోదు. పుస్తకం పట్టుకుని బయటికి చదవమంటే మాత్రం నోరు పెగలదు. ఒత్తులున్న మాట వచ్చిందంటే ఎండ్రకాయను చూసినట్టు ఆగిపోతుంది. ఒకసారి తరగతిలో అందరూ నవ్వారట. అప్పటినుంచి పెదవులు కదిలేవి కానీ మాట బయటికి వచ్చేది కాదు. ఏడో తరగతికి పెద్ద పరీక్ష ఉంటుంది. అది గట్టెక్కితే ఎనిమిదికి దమ్మపేట పోవాలి, రోజూ బస్సు. నా కొడుకు, కోడలు, “నువ్వెట్లంటే గట్ల” అని ఆ సంగతి నా మీదే పెట్టారు. మాకు మిరప చేను ఉంది. కాయ ఎర్రబడ్డాక మనుషులు దొరకడమే కష్టం. నేను రెండో తరగతితో ఆగినదాన్ని, నా సంసారం నేను ఈదలేదా అని నా లెక్క.

“ఒక మాట పెద్దమ్మా,” అన్నాడు సారు. “ఈ ఒక్క పుస్తకం పిల్లను నీకు చదివి వినిపించనియ్యి. కుట్టు దాక. అప్పటికి గూడ దీనికి చదువు రాదు అనిపిస్తే నువ్వే బందు పెట్టు. నేను అడుగనీకి మీ ఇంటికి రాను.”

“కూసోని కతలు వినే తీరిక నాకెక్కడిది?”

“కూసోకు. పని చేసుకుంటనే విను.”

పుస్తకాన్ని ఆయన బల్ల మీద పడేసి రావాలనే వెళ్లాను. దాన్ని మళ్లీ కొంగున చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఒంటిపూట బళ్లు మొదలైన రోజులవి. మధ్యాహ్నానికి పిల్ల ఇంటికి వచ్చేది. అదే సమయానికి మా కళ్లంలో మిరపకాయ ఎండి గలగలమంటూ ఉండేది. టేకు ఆకుల పందిరి కింద కూర్చుని ఎర్రకాయ నుంచి తాలు ఏరాలి. తాలు అంటే తెల్లబారిన కాయ, అది కలిస్తే ఖమ్మం మార్కెట్లో మన సరుకు వంక ఎవరూ చూడరు. వాగు అవతల కోయగూడెం నుంచి కొందరు ఆడవాళ్లు ఆ పనికి వచ్చేవాళ్లు. ముక్కులకు కొంగులు కట్టుకుని, తుమ్ముకుంటూ, వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడుకుంటూ ఏరేవాళ్లు. వాళ్లలో పెద్దామె నా ఈడుది. ఎన్నో ఏళ్లుగా మా చేనుకు వస్తుంది. నేను ఆమెను చెల్లె అంటాను, ఆమె నన్ను అక్క అంటుంది. ఇంకొకామె చంటిబిడ్డ తల్లి. పందిరి గుంజకు చీరతో ఉయ్యాల కట్టి పిల్లవాణ్ణి అందులో వేసేది.

నేను తాలు బుట్ట ముందు కూర్చుని, “ఊఁ, చదువు,” అన్నాను.

పిల్ల మొదలుపెట్టింది. నాలుగు మాటలు చదివేది, ఆగేది. వేలు అక్షరం కింద పెట్టి జరిపేది. ఏమీ వినపడదు.

“ఏంది పిల్లా, నోట్ల మిరపకాయ పెట్టుకున్నవా?” అంది చంటిబిడ్డ తల్లి. అందరూ నవ్వారు. పిల్ల పుస్తకం మూసేసింది.

నేను ఒక మాట అనేలోపే పెద్దామె అంది. “నవ్వేటోళ్లు ఒక్కళ్లన్న చదువుండ్రి, చూస్త. మన నోట్లెకెళ్లి గా నాలుగు మాటలు గూడ రావు. నువ్వు చదువు బిడ్డా. గా బంగారు కడియాలు ఎవలు తీసిండ్రు?”

కథ సంగతి ఇది. పట్నంలో ఒక పెద్ద ఇల్లు. ఒక మధ్యాహ్నం ఆ ఇంటావిడ కడియాలు పోతాయి. బయటివాళ్లు ఎవరూ రాలేదు. ఇంట్లో ఉన్నది గుమాస్తా, డ్రైవరు, ఊరి నుంచి వచ్చిన మేనల్లుడు, వంటమనిషి. కోటు వేసుకున్న డిటెక్టివు ఒకాయన వచ్చి ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడుగుతాడు. పుస్తకం పేరు నేను చెప్పను, దొంగ ఎవరో కూడా చెప్పను. ఆ పుస్తకం ఇంకా పిల్లల చేతుల్లో తిరుగుతూనే ఉంది.

రెండోరోజు నుంచి ఆ ఆడవాళ్లు పొద్దున వస్తూనే, “బిడ్డ బడినుంచి ఎప్పుడొస్తది?” అని అడగడం మొదలుపెట్టారు. చేతులు ఆగనంతవరకు నాకు అభ్యంతరం లేదు. చేతులు ఆగలేదు. పైగా మంచినీళ్లకని, ఆకూవక్కకని లేచేవాళ్లు లేవడం మానేశారు. ఆ సంగతి నేను గమనించాను.

కథ సగానికి వచ్చేసరికి పందిరి కింద గొడవ లేచింది. ఒకామె గుమాస్తా దొంగ అంటుంది, ఒకామె కాదు మేనల్లుడు అంటుంది. మాట వేడెక్కితే తెలుగు వదిలి కోయలోకి పోతారు. మళ్లీ పెద్దామె మాకు తెలుగులో చెప్పాలి. చివరికి ఆమెకే విసుగొచ్చింది.

“గిట్ల కాదక్కా,” అంది. “మా గూడెంల పంచాయితి పెడితే ఒక్కొక్కరి తరపున ఒక్కొక్కరు మాట్లాడుతరు. తరపున మాట్లాడేటోళ్లు లేనోన్ని దొంగ అనొద్దు. ఈళ్లకు గూడ గట్లనే పెడదాం.”

“కాయితం మీద ఉన్నోళ్లకు పంచాయితా?” అన్నాను.

“కాయితం మీదున్నా మనిషే గద.”

అలా పంచుకున్నారు. పెద్దామె గుమాస్తా తరపు. చంటిబిడ్డ తల్లి డ్రైవరు తరపు. ఇంకొకామె మేనల్లుణ్ణి తీసుకుంది. వంటమనిషి మిగిలింది. అందరూ నా వంక చూశారు. నాకిదంతా చిన్నపిల్లల ఆటలా ఉందని చెప్పి, ఆ వంటమనిషిని నేనే తీసుకున్నాను. ఇంట్లో ఏది పోయినా ముందు పనిమనిషినే అడుగుతారు. అది నాకు నచ్చని సంగతి.

ఆ పంచాయితీ మొదలైన దగ్గర్నుంచి పిల్లకు పని ఎక్కువైంది. “మావోడు ఆ పొద్దు ఏమన్నడో మల్లొకసారి చదువు బిడ్డా,” అని ఒకామె. “అది కాదు, దాని ముంగటిది చదువు,” అని ఇంకొకామె. పిల్ల వెనక్కి తిప్పాలి, ఆ మాట ఎక్కడుందో వెతకాలి, మళ్లీ చదవాలి. చదివిందే నాలుగుసార్లు చదివేసరికి మాట తిరగడం మొదలైంది. డ్రైవరు మాట్లాడితే డ్రైవరు గొంతు, గుమాస్తా మాట్లాడితే నాన్చుడు గొంతు పెట్టేది. ఒక మధ్యాహ్నం చూస్తే అక్షరాల కింద వేలు లేదు. పుస్తకం రెండు చేతులతో పట్టుకుని చదువుతోంది. నేను మంచినీళ్ల చెంబు దాని పక్కకు జరిపాను. బాగుంది అని మాత్రం అనలేదు. మంచిమాట అంటే పిల్లలు అక్కడే ఆగిపోతారని నా భయం.

చివరికి కుట్టు దగ్గరికి వచ్చాం. ఇంక చదవడానికి లేదు. దొంగ ఎవరో తేల్చాలి, పొద్దున పిల్ల పోయి సారుకు చెప్పాలి.

నా వంటమనిషి డిటెక్టివుకు చెప్పిన మాట ఇది. మధ్యాహ్నమంతా పెరటి వసారాలో ఎండుమిరపకాయలు దంచుతున్నాను, ఇంటావిడ చంటివాడు ఏడిస్తే లేచి ఎత్తుకుని జోకొట్టి పడుకోబెట్టాను, ఇంకెక్కడికీ పోలేదు అని.

అంతలో ఉయ్యాలలో పిల్లవాడు కదిలాడు. తల్లి తన చేతులు చూసుకుని మా పిల్లతో, “కొంచెం ఎత్తుకో, నాయి మిరప చేతులు,” అంది. పిల్ల ఎత్తుకుంది. తల్లి అది చూసి, ఒక్కసారిగా నావైపు తిరిగింది.

“అవ్వా, నీ వంటామె అబద్ధం చెప్తంది.”

“ఎట్ల?”

“మిరపకాయలు దంచిన చేతులతోటి చంటోన్ని ఎత్తుకుంటే ఆడు పండుకుంటడా? ఇల్లు లేచిపోయేటట్టు ఏడ్వడా? గాడు సప్పుడు లేకుండ పండుకున్నడంటే గామె మిరపకాయలు దంచనే లేదు. ఎక్కడికో పోయొచ్చింది.”

అందరి చేతులూ ఆగాయి. మిరప సీజనులో పసిపిల్లను ఎలా ముట్టుకోవాలో మాకు తెలియనిది కాదు.

“ఎత్తుకునే ముంగట చేతులు కడిగినట్టు ఏడన్న ఉన్నదా, చూడు బిడ్డా,” అంది పెద్దామె.

పిల్ల చంటివాణ్ణి పెద్దామెకు ఇచ్చి పుస్తకం అందుకుంది. ఆ పేజీ తీసింది. వంచిన తల ఎత్తకుండా చాలాసేపు చూసింది.

“లేదు,” అంది.

నేను తాలు బుట్ట పక్కకు పెట్టి, “ఇగ నేను మాట్లాడేదేం లేదు. నా తరపు మనిషే దొంగ. ఒప్పుకున్న,” అన్నాను. చెబితే నవ్వుతారు కానీ, ఆ మాట అంటుంటే నాకు మనసొప్పలేదు. ఇన్నాళ్లూ ఆమె తరపున మాట్లాడినదాన్ని.

ఆ సాయంత్రం పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. పారేసే అన్నం మా ఇంట్లో ఉండదు. తినమని గద్దించబోతుంటే, కంచం పక్కకు జరిపి, “నాయనమ్మా, మన వంటామె దొంగ కాదు,” అంది.

“పంచాయితి అయిపోయింది గద.”

“నేను ఒక లైను చదవలే.”

“ఏ లైను?”

“పేజీ అడుగుకు ఉంటది. అన్ని ఒత్తులే. మొదటిసారే నోరు తిరగక దాటేసిన. ఇయ్యాల ఆళ్లు అడిగిన్రు గద. అండ్లనే ఉండొచ్చు అనిపించింది. చదవరాకపోతే మల్ల నవ్వుతరని లేదన్న.”

ఒక్క లైను భయానికి ఒక మనిషిని దొంగను చేశావా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది అప్పటికే ఏడుస్తోంది. పరీక్ష గురించి కాదు, నేను కొడతానని కూడా కాదు. కాగితం మీద ఉన్న ఒక వంటమనిషి కోసం ఏడుస్తోంది. నా కొంగుతో దాని ముక్కు తుడిచాను.

“తే పుస్తకం. ఇప్పుడు చదువు.”

“రాదు.”

“నాకు గూడ రాదు. ఇద్దరం చూద్దాం.”

బల్బు కిందికి జరిగి కూర్చున్నాం. పిల్ల ఒక్కొక్క అక్షరం విడదీసింది. “హస్త... ప్రక్... ప్రక్షా... ళనం గావించి, తైల... తైలమర్... మర్దనం చేసుకొని, శిశువును అంకమున చేర్చుకొన్నది.” అంతా అయ్యాక, “ఏందో,” అంది.

“హస్తం అంటే ఏంది?”

“చెయ్యి. పాఠంల ఉంది.”

“పెండ్లిల అల్లుని కాళ్లు కడుగుతుంటే పాదప్రక్షాళనం అంటడు అయ్యగారు. నువ్వు వినలేదా?”

పిల్ల నోరు తెరిచి నన్ను చూసింది. “చేతులు కడుక్కున్నది.”

“ఊఁ. తర్వాతది?”

“తైలం అంటే నూనె.”

“నూనె రాసుకున్నది. శిశువు పసిపిల్ల, అది నాకు తెలుసు. ఒళ్లె ఏసుకున్నదన్నట్టు.” నాకు నిజంగానే కోపం వచ్చింది. “చేతులు కడుక్కొని నూనె రాసుకొని పిల్లగాన్ని ఎత్తుకున్నది. గింత దానికి గంత రాయాల్నా? ఎవలో గాని కాయితం ఊకె వచ్చినట్టు రాసిండు.”

అది ఏడుపులోనే నవ్వింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని తిన్నది. తింటూ, “రేపు సారుకు చెప్త, నేను తప్పు చదివిన అని,” అంది.

“సారుకు తర్వాత. ఆమెను దొంగ అన్నది ఎవరి ముంగట?”

“మీ అందరి ముంగట.”

నేను లేచి గిన్నెల దగ్గరికి వెళ్లాను. గిన్నెలు కడుగుతుంటే లోపలినుంచి దాని గొంతు వినిపిస్తూనే ఉంది. ప్రక్షాళనం, ప్రక్షాళనం అని. పక్క గదిలో నా కొడుకు, “ఏందమ్మా, మంత్రాలు నేర్పుతున్నవా?” అని అడిగాడు. కరెంటు పోయేదాకా అది ఆపలేదు.

తెల్లవారి ఎండ పడుతుండగానే ఆడవాళ్లు వాగు దాటి వచ్చారు. పిల్ల బడి బట్టలు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని పందిరి దగ్గర నిలబడి ఉంది. వాళ్లు కూర్చోగానే పుస్తకం తెరిచి ఆ లైను చదివింది. ప్రక్షాళనం దగ్గర ఒకసారి తడబడింది. మళ్లీ మొదటినుంచి అందుకుని చివరిదాకా చదివింది. దాని అర్థం చెప్పింది.

“వంటామె అబద్ధం చెప్పలే. నిన్న నేనే ఇది చదవలే,” అంది.

“నిన్న లేదంటివి గద?” అంది చంటిబిడ్డ తల్లి.

“చదవరాక లేదన్న.”

“ఇప్పుడు వచ్చిందా?” అని పెద్దామె అడిగింది.

“వచ్చింది.”

“అయితే అక్క మనిషి బయటపడ్డది. మరి కడియాలు తీసిందెవలు? బడి ఇడువంగనే తొందరగ రా బిడ్డా, మొదటికెళ్లి చదవాలె,” అని ఆమె బుట్ట ముందుకు లాక్కుంది. మిగతావాళ్లు కూడా ఏరడం మొదలుపెట్టారు.

నా కొడుకు ఖాళీ గోనెసంచులు తెచ్చి కళ్లంలో వేస్తూ, “అమ్మా, వచ్చే యేడు కాయకు పిల్లను గూడ మనుషుల లెక్కల ఏసుకోవాల్నా?” అని అడిగాడు.

“వద్దు. ఎనిమిదికి దమ్మపేట పోతది. బస్సు ఎన్ని గంటలకో కనుక్కో,” అన్నాను.

పిల్ల పుస్తకం సంచిలో పెట్టుకుని గట్టు మీదుగా బడికి వెళ్లింది. నేను ముక్కుకు కొంగు కట్టుకుని తాలు ఏరడానికి కూర్చున్నాను.